శ్రావణంలో పాకం దారాలు

సన్యాసమ్మ దోమతెర కర్రలు రెండూ ఒళ్లో అడ్డంగా పెట్టుకుని గుడ్డముక్కతో వాటికి నూనె పూస్తోంది. నూనె ఎక్కువైతే దారం జారిపోతుంది, తక్కువైతే కర్రను పట్టుకుని ఊడి రాదు. ఇది ఆమెకు ఎవరూ చెప్పింది కాదు. ఊడి రాని దారాల్ని గోటితో గీకి గీకి తెలుసుకున్నది.

బయట గార్డెన్ రీచ్ పేటంతా తడిసి ముద్దగా ఉంది. శ్రావణమాసం. పొద్దున పట్టిన వాన ఆగినట్టే ఆగి మళ్లీ పడుతోంది. ఇంటి గోడలకు చెమట పట్టింది. సీసాలో ఉప్పు నీరుకారిపోయింది. ఇలాంటి రోజున పంచదార పాకాన్ని దారాలుగా తీయాలనుకోవడం తెలివితక్కువ పని. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికన్నా సన్యాసమ్మకే బాగా తెలుసు. తెలిసీ చేయాల్సి వస్తున్నందుకే ఒళ్లు మండుతోంది.

ఇలా చేయాల్సి రావడానికి కారణం కూతురు పైడితల్లి. పైడి పనిచేసే మందుల దుకాణానికి సరుకు తెచ్చే సుకుమార్‌ని ఇష్టపడింది. బెంగాలీ అబ్బాయి, బెహాలాలో సొంత ఇల్లు, తల్లి లేదు, పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన మేనత్త పెంచింది. రెండు వైపులా కొంత గింజులాట అయ్యాక పెళ్లి కుదిరింది. పసుపు పెట్టే రోజున అబ్బాయి ఇంటి నుంచి పళ్లేలు వచ్చాయి. వాటిలో ఒకదాని నిండా పెద్ద రుయి చేప. దానికి ఎర్రంచు చీర కట్టి, ముక్కుకు నత్తు పెట్టి, నుదుట బొట్టు దిద్ది, నోట్లో తాంబూలం పెట్టి పెళ్లికూతుర్ని చేశారు. చీర కుచ్చిళ్లు కూడా వేళ్లతో లెక్కగా తీసినట్టు ఉన్నాయి. ఆ చేతిపని మేనత్తదే. ఆమె పేరు మాలతి. కార్పొరేషన్ క్వార్టర్లలో ఉన్న మన తెలుగువాళ్లంతా వచ్చి ఆ చేపను చూసి వెళ్లారు.

పెళ్లయింది. పైడి అత్తవారింటికి వెళ్లింది. వెళ్లిన పూటే అక్కడి ఆడవాళ్లు, మీ వైపు నుంచి ఏమి వస్తుందని అడిగారట. ఈ పిల్ల ఊరుకుంటుందా. మా అమ్మ పంచదార చిలకలు పోసి, వాటిని బంగారం జుట్టులాంటి పాకం దారాల గూట్లో కూర్చోబెట్టి పంపుతుంది, మీరు అలాంటిది చూసి ఉండరు అని నలుగురిలో చెప్పేసింది. తర్వాత దుకాణంలో ఫోను పట్టుకుని తల్లికి కబురు పెట్టింది. కొత్త ఇంట్లో ఆ పిల్ల అన్న మొదటి పెద్దమాట అది. సారె పంపే రోజున గూడు రాకపోతే ఆ మాట ఆ ఇంట్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. చేపకు చీర కట్టిన చెయ్యి ఉన్న ఇల్లు అది, ఉత్త మాటలతో సరిపెట్టుకునే ఇల్లు కాదు.

చిలకలతో ఇబ్బంది లేదు. అవి సన్యాసమ్మ తల్లి టెక్కలి నుంచి తెచ్చిన చెక్క అచ్చుల్లో పోసినవి. ముదురు పాకం తెల్లబడేదాకా రుద్ది, తడిపిన అచ్చుల్లో పోస్తే రాళ్లలా తయారవుతాయి. వానకు చెమరుస్తాయి తప్ప చెక్కు చెదరవు. కష్టమంతా గూడుతోనే.

పాకం దారాలు ఆమె నేర్చుకున్నది రిపన్ స్ట్రీట్‌లో. పెళ్లయిన కొత్తలో అక్కడ ఒక ఆంగ్లో ఇండియన్ దొరసాని ఇంట్లో వంటపనికి వెళ్లేది. ఆ దొరసాని బడాదిన్‌కి, అంటే క్రిస్మస్‌కి, చేసే కేకు మీద పెట్టడానికి ఏడాదికొకసారి పంచదారను మరిగించి, కొసలు కత్తిరించిన తీగల గరిటెతో గాలిలో విసిరేది. నేర్పలేదు. తలుపు వేసుకునేది. ఒకసారి పాత్ర అందించబోయి సన్యాసమ్మ లోపలికి వెళ్లింది, చూసింది, అంతే. ఆ తర్వాత ఇంట్లో ఎన్ని గిన్నెలు మాడ్చిందో ఆమెకే తెలియదు. కొన్నాళ్లకు పాకం పలుకులు కట్టకుండా నిలిచింది. మరి కొన్నాళ్లకు దారం సాగింది. తీగల గరిటె లేదు కాబట్టి భర్త కోదండం చేత చెక్కముక్కకు సన్న మేకులు దగ్గర దగ్గరగా కొట్టించుకుంది. దాన్ని ఇంట్లో దువ్వెన అంటారు.

కోదండం కార్పొరేషన్ నీళ్ల పంపుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మంచివాడే. మేకులు కొట్టిన నాటి నుంచి ఆ విద్యంతా తనదేనని అతని నమ్మకం. చలికాలంలో ఇరుగుపొరుగు పుట్టినరోజులకు సన్యాసమ్మ దారాలు తీసినప్పుడల్లా గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని వచ్చినవాళ్లకు అతనే వివరిస్తాడు. పాకం గిన్నెను అతను ఒక్కసారి కూడా ముట్టుకుని ఎరగడు.

ఈ రోజు సన్యాసమ్మ అందరినీ గదిలోంచి పంపేసింది. కిటికీ మూసింది. ఫ్యాను ఆపింది. నేల మీద పాత పేపర్లు పరిచింది. కర్రల్ని రెండు ముక్కాలి పీటల మీద పడుకోబెట్టి, కదలకుండా ఇటుకలు పెట్టింది. మందపాటి సత్తు గిన్నెలో పంచదార, అది తడవడానికి సరిపడా నీళ్లు, నిమ్మరసం చుక్కలు వేసి స్టవ్వు మీద పెట్టింది. ఇక గరిటె పెట్టకూడదు. కలిపితే పలుకు కడుతుంది. గిన్నె అంచుల్ని తడిగుడ్డతో తుడుస్తూ కూర్చోవడమే. పాకం పాలు లేని లికర్ చాయ్ రంగుకు రాగానే గిన్నె అడుగును చన్నీళ్లలో ముంచి తీసింది. సుయ్యిమంది. ఇప్పుడు ఆగాలి. వేడిగా ఉండగా విసిరితే బొట్లు పడతాయి, చల్లారితే సాగదు. మధ్యలో కొద్దిసేపు మాత్రం అది చెప్పినమాట వింటుంది.

సరిగ్గా ఆ కొద్దిసేపటిలో కోదండం తలుపు తీశాడు. తన సిల్కు చొక్కా ఎక్కడుందని అడిగాడు. అతనితోపాటు వానగాలి వచ్చింది. విసిరిన దారాలు కర్రల మీద పడకుండా గోడకు కొట్టుకున్నాయి.

"మావా, తలుపెయ్యి."

"సొక్కా..."

"తలుపెయ్యి ముందు."

తలుపు పడింది. గోడకు అంటిన దారాల వైపు ఆమె చూడలేదు. గిన్నెను మళ్లీ స్టవ్వు మీద వెచ్చ చేసింది.

అది సాగే వేళకు కిటికీ రెక్క మీద ఎవరో కొట్టారు. గోవిందరాజు. క్వార్టర్లలో ఉంటాడు, వీధి చివరి పార్టీ లోకల్ కమిటీ ఆఫీసులో కూర్చుంటాడు. టాక్సీ మాట్లాడి పెట్టే బాధ్యత అతను తీసుకున్నాడు. టాక్సీ వస్తోందని చెప్పడానికి వచ్చి, చెప్పాక వెళ్లకుండా మూసిన రెక్క అవతలి నుంచే సలహా కూడా ఇచ్చాడు. ఇంత అవస్థ దేనికి, బడి ముందు గంట కొట్టుకుంటూ బుడీర్ చుల్ అనే పీచుమిఠాయి అమ్మేవాడు ఉన్నాడు కదా, గులాబీ రంగుది రెండు పొట్లాలు కొని చిలకల చుట్టూ అంటిస్తే సరిపోతుంది, అదీ పంచదారే ఇదీ పంచదారే అన్నాడు.

ఈ మాటకు జవాబు చెప్పాలంటే చేతిలో పని ఆపాలి. బుడీర్ చుల్ మిషనులోంచి వచ్చే దూది. నోట్లో పెట్టగానే లేదన్నట్టు అయిపోతుంది. ఇది వెలుగు పడితే మెరుస్తుంది, పళ్ల కింద చిటుక్కుమంటుంది, కాలిన పంచదార వాసన వేస్తుంది. దూదికి, పట్టుదారానికి తేడా తెలియనివాడికి కిటికీలోంచి చెబితే తెలుస్తుందా. సన్యాసమ్మ దువ్వెన పాకంలో ముంచి ఎత్తి, కర్రల మీదుగా ముందుకూ వెనక్కూ విసరసాగింది. చెయ్యి మణికట్టు దగ్గర ఆడాలి, భుజం కదలకూడదు. ఒక్కో విసురుకూ కర్రల మధ్య సన్నటి మెరుపు వేలాడింది. దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి. కాసేపటికి కర్రల మీద ఎవరో స్నానం చేసి ఆరబోసుకున్నట్టు రాగిరంగు జుట్టు నిలిచింది.

దాన్ని నూనె వేళ్లతో ఎత్తింది. బోర్లించిన గిన్నె మీద చుట్టి మెల్లగా నొక్కింది. గూడు కుదిరింది.

ఇలాంటి రోజున దాన్ని బెహాలాకు తీసుకెళ్లడానికి కూడా ఆమె ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. పెళ్లికి ఇంటికి వెల్ల వేయగా కాసిని సున్నపు రాళ్లు మిగిలాయి. నీళ్లు తగలని రాళ్లు. వాటిని గుడ్డలో మూటకట్టి పెద్ద బిస్కెట్ల డబ్బా అడుగున పెట్టింది. పైన అట్టముక్క. అట్ట మీద గూడు. మూత గట్టిగా బిగిస్తే లోపలి తేమను సున్నం పీల్చేస్తుంది. మొన్న చిన్న దారాల ముద్దతో చూసుకుంది, ఒక పూటంతా నిలిచింది. డబ్బాను సారె పళ్లేల పక్కన పెట్టి, ఎవరూ దాన్ని ముట్టుకోవద్దని అందరికీ వినబడేలా చెప్పి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

నరసమ్మ ముట్టుకోలేదు. నరసమ్మ కోదండానికి అక్క, ఇంటికి పెద్దది. సారె గడప దాటే ముందు ప్రతి పళ్లెం మీదా పసుపు నీళ్లు చిలకరించడం వాళ్ల ఇంట్లో ఆమె పని. అమ్మ చేసింది, అమ్మమ్మ చేసింది, ఎవరికీ ఇందులో రెండో మాట లేదు. చీర మీద చిలకరించింది, గాజుల మీద చిలకరించింది, అరిసెల మీద, చిలకల మీద చిలకరించింది. డబ్బా దగ్గరకు వచ్చేసరికి మూత ఉంది. మూత మీద చల్లితే సారె మీద చల్లినట్టు కాదు. అందుకని మూత తీసింది. మామిడాకు నిండా నీళ్లు ముంచి, మేనకోడలి సారె కాబట్టి కొంచెం ధారాళంగానే చిలకరించింది.

సన్యాసమ్మ బయటికి వచ్చేసరికి డబ్బాలోంచి పొగ వస్తోంది. గూడు మీద చుక్క పడ్డచోటల్లా దారం కరిగి, పక్క దారాన్ని పట్టుకుని లాగి, మొత్తం ఒక పసుపుపచ్చ జిగురుగా అట్టకు అతుక్కుంది. మిగిలిన నీళ్లు అట్ట సందుల్లోంచి సున్నం మూటలోకి దిగాయి. రాళ్లు పగిలి కుతకుత ఉడుకుతున్నాయి. డబ్బా ముట్టుకుంటే కాలుతోంది.

"నాను ముట్టుకోనేదమ్మా," అంది నరసమ్మ. "నీళ్లే సల్లినాను."

అది నిజమే. సన్యాసమ్మ ముట్టుకోవద్దని చెప్పింది, మూత తీయొద్దని చెప్పలేదు. వదిన చేసింది వదిన చేయాల్సిన పనే. తిట్టడానికి కూడా వీలివ్వని తప్పు అది. ఆమె డబ్బాను పాత చీరతో పట్టుకుని పెరట్లో వానలో పెట్టి వచ్చింది. కోదండం గుమ్మంలో నిలబడి, సున్నం పెట్టకుండా ఉండాల్సింది అని గోవిందరాజుతో అంటున్నాడు. టాక్సీ వచ్చి హారను కొడుతోంది.

ఇంకో గూడు తీయవచ్చు. పంచదార ఉంది. కానీ సున్నం లేదు, డబ్బా పనికిరాదు. ఉత్త పళ్లెంలో పెట్టి వానలో బెహాలాకు తీసుకెళితే దిగేసరికి మళ్లీ జిగురే. సన్యాసమ్మ ఇటుకలు తీసేసి, కర్రలు రెండూ కలిపి కట్టింది. గిన్నె, దువ్వెన, నిమ్మకాయ, పంచదార పొట్లం సంచిలో వేసింది. కిరసనాయిలు స్టవ్వును చేత్తో ఎత్తుకుంది.

నరసమ్మకు అర్థమైంది. వియ్యాలవారి ఇంటికి పెళ్లికూతురి తల్లి సారెతో వెళ్లడమే ఆమెకు అంత నచ్చలేదు, ఏదో రోజులు మారాయని ఊరుకుంది. ఇప్పుడు ఇదా.

"ఆల్లింటికెల్లి పొయ్యికాడ నిలబడతావేటే? వంటమనిసి నాగ?"

"నిలబడతాను."

"నలుగురేటనుకుంతారు?"

"అనుకోనీ వదినా. గూడు నేకండా ఎల్తే అనీది నన్ను కాదు, మన గుంట పైడిని."

నరసమ్మ పసుపు నీళ్ల చెంబు మాత్రం వదలకుండా చేత్తో పట్టుకుని టాక్సీ ఎక్కింది. దారిలో అవసరం పడుతుందని ఆమె ఉద్దేశం.

తారాతలా దగ్గర ఊరేగింపు. ఎర్రజెండాలు వానకు కర్రలను అంటుకుని ఉన్నాయి. టాక్సీ ఆగిపోయింది. ముందు సీట్లో ఉన్న గోవిందరాజు, ఈ ఊరేగింపులో ఉన్నవాళ్లంతా తనకు తెలిసినవాళ్లేనని, ఒక్కమాట చెబితే దారి ఇస్తారని దిగాడు. నిజంగానే తెలిసినవాళ్లు. తనూ అందులో ఉండాల్సినవాడినని వాళ్లే అతనికి గుర్తుచేశారు. అక్కడే నిలబడి ఎందుకు రాలేకపోయాడో మొదటి నుంచి చెప్పసాగాడు. పిల్ల పెళ్లి, చేప, బెంగాలీ అబ్బాయి, జాతీయ సమైక్యత, అన్నీ వచ్చాయి. చుట్టూ జనం చేరి వినసాగారు. దారి ఇంకా ఇరుకయింది. సన్యాసమ్మ స్టవ్వు ఒళ్లో పెట్టుకుని, కిరసనాయిలు కొత్త చీర మీద ఒలకకుండా పట్టుకుని, అద్దంలోంచి అతని చేతులు ఆడటం చూసింది. చివరికి టాక్సీ డ్రైవరే దిగి రెండు మాటలు మాట్లాడాడు, దారి ఇచ్చారు. గోవిందరాజును అక్కడే ఉంచేసుకున్నారు. అది మంచే అయింది.

బెహాలా ఇంట్లో శంఖాలు ఊదారు, ఆడవాళ్లు నాలుక ఆడిస్తూ ఉలూధ్వని చేశారు. పళ్లేలు ఒక్కొక్కటే లోపలికి వెళ్లాయి. అరిసెలు చూశారు, చీర అంచు తిప్పి చూశారు, చిలకల్ని వేలితో తట్టి చూశారు. పైడి మేలిముసుగు కిందనుంచి పళ్లేలన్నీ వెతికి తల్లి ముఖం చూసింది. గూడు ఏది అని నోటితో అడగలేదు. ఎవరో పెద్దావిడ, బంగారు జుట్టు వస్తుందన్నారే అని నవ్వుతూ అడిగింది. పైడి తల వంచుకుంది.

సన్యాసమ్మ మాలతి ఎక్కడుందో వెతుక్కుంది. వెతకక్కర్లేదు. సన్నటి మనిషి, చీర కొంగు నడుముకు దోపుకుని, పళ్లేల్ని ఎక్కడెక్కడ పెట్టాలో కళ్లతోనే చెబుతోంది. ఆమె చూపు సారె మీద లేదు, సన్యాసమ్మ చంకలో ఉన్న నూనె కర్రల మీద, సంచిలోంచి పొడుచుకు వచ్చిన మేకుల దువ్వెన మీద ఉంది.

సన్యాసమ్మ బెంగాలీలో ఉన్నమాట చెప్పింది. గూడు చేశాను, బయలుదేరకముందే పాడైపోయింది, ఇక్కడ చేస్తాను, పొయ్యి నేనే తెచ్చుకున్నాను అంది.

చుట్టూ ఆడవాళ్లు ఒక్కసారిగా మాట్లాడారు. వియ్యపురాలు పనిచేయడమేమిటి, కూర్చోండి, మిఠాయి తినండి, వంటింట్లో వంటవాళ్లు ఉన్నారు వాళ్లకు చెబితే చేస్తారు అన్నారు. మాలతి అదేదీ విననట్టే ఉంది.

"బెయాన్, దానికి ఏమి కావాలి?" అని అడిగింది. వియ్యపురాల్ని వాళ్లు అలా పిలుస్తారు.

"గాలి ఉండకూడదు. ఆవిరి ఉండకూడదు. మనుషులు ఉండకూడదు."

మాలతి కాసేపు ఆలోచించింది. వంటింట్లో అన్నం ఉడుకుతోంది, అది పనికిరాదు. గదుల్లో చుట్టాలు. మేడ మీద వాన. ఆమె తాళాల గుత్తి తీసి, మెట్ల కింద ఉన్న చిన్న కొట్టుగది తెరిచింది. లోపలి నుంచి పొడి వేడి ముఖాన తగిలింది. అందులో మరమరాల డబ్బాలు, ఎండిన మినప వడియాలు పళ్లేల్లో ఉన్నాయి, మూలన బొగ్గుల కుంపటి నిప్పు నివురుగప్పకుండా ఉంది. వానాకాలమంతా వడియాలు మెత్తబడకుండా ఆమె ఆ గదిలో కుంపటి ఉంచుతుందట. ఊరంతా చెమరుస్తున్నా ఆ గది గోడ మాత్రం పొడిగా ఉంది. సన్యాసమ్మ గోడ మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఆ రోజు పొద్దుటి నుంచి ఆమెకు దొరికిన మొదటి మేలు అదే.

కుంపటి పొగ చేరకుండా పైనున్న వెంటిలేటర్ ఒక వేలెడు తెరిచి ఉంచారు. కర్రలు పెట్టడానికి పీటలు లేవు. మాలతి వడియాల అరల మధ్య కర్రల్ని దూర్చి, రెండు కొసలనూ తన అరచేతులతో నొక్కి పట్టుకుంది. అందులో సన్యాసమ్మ చెప్పింది ఏమీ లేదు. గదిలో ఇద్దరే. తలుపు బయట కోదండం గొంతు వినబడుతోంది. పెళ్లికొడుకు బాబాయిలకు మేకులు ఎంతెంత ఎడంగా కొట్టాలో వచ్చీరాని బెంగాలీలో చెబుతున్నాడు. దగ్గర అనాల్సినచోట దూరం అన్నాడు. 

"మా తమ్ముడూ అంతే," అంది మాలతి తల ఎత్తకుండా. "చేప తను పట్టానని అందరికీ చెబుతాడు. బజారులో కొన్నాడు."



పాకం రంగు తిరిగింది. సన్యాసమ్మ దించి, అడుగు చన్నీళ్లలో ముంచి, ఆగింది. మొదటి విసురు తొందరపడింది. బొట్లు పడ్డాయి, ఒకటి మాలతి మణికట్టు మీద పడింది. ఆమె చెయ్యి కదల్చలేదు. కదిలిస్తే కర్ర కదులుతుంది. సన్యాసమ్మ దువ్వెన గిన్నెలో పెట్టి, ఊపిరి బిగబట్టి, మళ్లీ ఆగింది. పాకం దువ్వెన కొసల నుంచి తీగలా దిగి విరగకుండా నిలిచినప్పుడు చెయ్యి ఎత్తింది.

ఈసారి సాగింది. ముందుకూ వెనక్కూ, ముందుకూ వెనక్కూ. పొడి గది కావడంతో ఇంట్లో తీసినదానికన్నా సన్నగా సాగింది. కుంపటి వెలుగు తగిలి ఒక్కో దారం ఎర్రగా మెరిసి కర్రల మధ్య వాలింది. బయట ఎవరో తలుపు తట్టి ఫొటో తీసుకోవచ్చా అని అడిగారు. మాలతి ఒక్క మాట అంది. మళ్లీ ఎవరూ తట్టలేదు.

గిన్నె మీద చుట్టి నొక్కి, చిలకల పళ్లెంలో గూడును దించింది. రెండు తెల్ల చిలకల్ని ముక్కులు ఎదురెదురుగా ఉండేలా లోపల కూర్చోబెట్టింది. మిగిలిన దారాలు అంచు చుట్టూ చెదిరినట్టు వేసింది. పక్షి కట్టిన గూడు దువ్వినట్టు ఉండదు కదా. చూసుకుంది. ఒకవైపు కొద్దిగా ఎత్తు ఎక్కువైంది. దిద్దబోయి మానుకుంది. ఇలాంటిది దిద్దితే చెడుతుంది.

తలుపు తీశాక ముందు వచ్చింది పైడే. మేలిముసుగు వెనక్కి జారిపోయింది. చాలాసేపు చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా నోరు నోరే.

"అమ్మా, కొంచెం సిన్నదయిపోనాదేటి?"

"నువ్వు సెప్పినంత పెద్దది కావాలంటే పూస్‌మాసం సలిలో పెల్లి సేసుకోవాల్సింది," అంది సన్యాసమ్మ. "పక్కకి జరుగు. ఊపిరి దానిమీద ఇడవకు."

పైడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగింది. ఆమె వెనక ఇందాకటి పెద్దావిడ, ఆమె వెనక ఇంకొందరు, మెట్ల మీద వరకు జనం. కోదండం గుంపులోంచి మెడ చాచి, తన మేకులు ఎలా పనిచేశాయో చూడండి అన్నట్టు అందరి వైపూ చూశాడు.

కొట్టుగది గడప దగ్గర నరసమ్మ నిలబడి ఉంది. చేతిలో పసుపు నీళ్ల చెంబు, చెంబులో మామిడాకు. ముఖంలో పట్టుదల, దాని వెనక భయం. నీళ్లు చల్లకుండా సారె గడప దాటకూడదు. చల్లితే ఏమవుతుందో ఆమె కళ్లారా చూసింది. ఎటూ తేల్చుకోలేక చెంబును కడుపుకు అదుముకుని నిలబడింది.

సన్యాసమ్మ పళ్లెం చేత్తో పట్టుకునే ఉంది.  

"వదినా, గడపమీద సల్లు. దాని మీంచి దాటిస్తాం. సారెకి తగిలినట్టే."

నరసమ్మ ఆలోచించింది. అలా చేయకూడదని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. వంగి, మామిడాకును ముంచి, గడప పొడవునా, రెండు కొసలా చిలకరించింది. మిగిలిన నీళ్లున్న చెంబును వీపు వెనక్కి పెట్టుకుంది.

సన్యాసమ్మ పళ్లెం చాచింది. మాలతి పమిట కొంగు తగలకుండా మెడ చుట్టూ చుట్టుకుని, కాలిన మణికట్టు కిందికి పెట్టి, రెండు చేతులతో అందుకుంది. అరచేతుల్లో బరువు కుదిరేదాకా ఇద్దరూ పట్టుకునే ఉన్నారు. తర్వాత సన్యాసమ్మ వేళ్లు వదిలేసింది. మాలతి హాల్లో ఫ్యాను ఆపమని ఒకసారి కేకేసి, అది పూర్తిగా ఆగేదాకా ఆగి, తడి గడప మీంచి మెల్లగా పళ్లేన్ని దాటించింది.